ఖాళీ కుర్చీకి మన బిడ్డలు సిద్ధమేనా?

(ఉర్దూ మాధ్యమ పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వక్తలము కాము. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. పదవీ విరమణ తరువాత నలుగురైదుగురము కలసి, ఆదివారాలలో పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టడం, ధ్రువపత్రాలు సరిచూడడం, పోటీ పరీక్షలకు తరగతులు నడపడం పనిగా పెట్టుకున్నాము. గుమాస్తాకు తెలిసిన విద్య ఒక్కటే. ఏ కాగితం ఎప్పుడు, ఎక్కడ అవసరమవుతుందో అతనికి తెలుసు. ఈ రోజు కూడా మేము రెండు కాగితాల గురించే మాట్లాడుతాము. ఒకటి ఉపాధ్యాయ శిక్షణ పత్రం, రెండవది టెట్ అర్హత పత్రం. ఈ రెండూ లేనందువలన మన బడులలో కుర్చీలు ఎట్లా ఖాళీగా ఉన్నాయో, మన ఆడబిడ్డల కష్టం ఎట్లా లెక్కలోకి రాకుండా పోతున్నదో చెప్పాలని వచ్చాము.

అంతకంటే ముందు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

మేము పనిచేసిన కార్యాలయం పేరు, ఊరి పేరు చెప్పము. అక్కడ విద్యా వాలంటీర్ల హాజరు పట్టికలు, గౌరవ వేతనపు బిల్లులు మా చేతుల మీదుగా వెళ్లేవి. ఆ పట్టికలో ఒక ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాల ఉండేది. దానికి మంజూరైన ఉపాధ్యాయ పోస్టు ఎన్నో ఏళ్లుగా ఖాళీ. ఆ ఖాళీలో ఒక అమ్మాయి విద్యా వాలంటీరుగా చేరింది. డిగ్రీ చదివింది, కాని శిక్షణ లేదు. "శిక్షణ పొందిన అభ్యర్థులు లభించనందున" అని ఫైలులో ఒక వాక్యం రాసి ఆమెను తీసుకున్నారు. జూన్‌లో చేరడం, ఏప్రిల్‌లో దిగిపోవడం, మళ్లీ జూన్‌లో పిలుపు కోసం ఎదురుచూడడం. ఇట్లా ఆరేళ్లు గడిచాయి. ప్రతి ఏడాదీ అదే వాక్యం మేమే తిరిగి రాశాము.

2017లో ఒక అవకాశం వచ్చింది. శిక్షణ లేకుండా పనిచేస్తున్న ఉపాధ్యాయులందరూ 2019 మార్చి 31 లోగా అర్హత సంపాదించుకోవాలని పార్లమెంటు విద్యాహక్కు చట్టాన్ని సవరించింది. వారి కోసం జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా డీఎల్‌ఈడీ కోర్సు పెట్టారు. దేశమంతటా లక్షలాది మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఆ సర్క్యులర్ మా కార్యాలయానికీ వచ్చింది. మేము దానికి ఇన్‌వర్డ్ నెంబరు వేశాము. నకళ్లు తీయించి పంపవలసిన చోట్లకు పంపాము. ఫైలు కట్టి బీరువాలో పెట్టాము. ఆ అమ్మాయి పేరు మాకు తెలుసు. ఆమె తండ్రి జుమా నమాజులో మా పక్క వరుసలోనే నిలబడేవాడు. అయినా పిలిచి ఒక్క మాట చెప్పలేదు. చెప్పడం మా పని కాదనుకున్నాము. ఆమెకు విషయం తెలిసేసరికి గడువు దాటింది. ఆ పద్దెనిమిది నెలల కోర్సు రెండేళ్ల కోర్సుకు సమానమా కాదా అనే వివాదం తరువాత కోర్టులకు ఎక్కిన మాట నిజమే. కాని ఆమెకు ఆ వివాదంలో నిలబడే పాటి కాగితం కూడా లేకపోయింది.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడ్డాయి. తెలంగాణలో విద్యా వాలంటీర్లను తిరిగి తీసుకోలేదు. కొన్నాళ్లకు ఆ అమ్మాయి ప్లాస్టిక్ కవరులో తన సర్టిఫికెట్లు పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మామూ, ఆరేళ్లు పాఠాలు చెప్పాను. సర్కారు లెక్కలో నా పేరు మీద ఏమైనా ఉన్నదా?" అని అడిగింది. ఉన్నవి హాజరు పట్టికలు, బిల్లులు. వాటితో కొలువు రాదు. ఆ మాట ఆమెకు చెప్పవలసి వచ్చిన రోజునే మా ఆదివారం తరగతికి పునాది పడింది. మొదటి విద్యార్థిని ఆమే.

సోదరులారా, ఈ కథ ఒక్కరిది కాదు. పేరు మారుతుంది గాని బతుకు మారదు. విద్యా వాలంటీర్ అంటారు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్ అంటారు, గెస్ట్ టీచర్ అంటారు. అసలు ఉపాధ్యాయుడు లేని చోట తాత్కాలికంగా కూర్చునే వారన్నమాట. పిల్లలకు వారు ఉపాధ్యాయులే. పిల్లవాడు ఇంటికి వచ్చి "మా ఆపా చెప్పింది" అంటాడు గాని "మా తాత్కాలిక ఆపా చెప్పింది" అనడు. ప్రభుత్వ లెక్క వేరు. ఆ లెక్కలో అనుభవం కంటే అర్హత ముందు వస్తుంది. ఎందుకో వివరిస్తాము.

ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుని కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిర్ణయిస్తుంది. ఆ మండలి 2010 ఆగస్టు 23న ఇచ్చిన ప్రకటనతో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి శిక్షణతో పాటు ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, తప్పనిసరి అయింది. అంటే తలుపుకు రెండు గడియలు ఉన్నాయి. శిక్షణ లేనివాడు టెట్ రాసి ప్రయోజనం లేదు. టెట్ లేనివాడికి శిక్షణ ఒక్కటే సరిపోదు. రెండూ ఉంటేనే డీఎస్సీ అనే మూడో తలుపు దగ్గరకు పోగలము.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటి ఉన్నది. "మా అమ్మాయి బీఈడీ చేసింది, చిన్న తరగతులకు చెప్పలేదా?" అని అడుగుతారు. చెప్పగలదు, కాని చట్టం ఒప్పుకోదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రాథమిక తరగతులకు, అంటే ఒకటి నుండి అయిదు వరకు, డీఎల్‌ఈడీ వంటి ప్రాథమిక శిక్షణ పొందినవారే అర్హులు. బీఈడీ వారు పై తరగతులకు పోవాలి. మన బస్తీలలోని ఉర్దూ బడులు ఎక్కువగా ప్రాథమిక బడులే. అక్కడి సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుని కుర్చీకి కావలసినది డీఎల్‌ఈడీ. ఇంటర్మీడియట్ అయిన బిడ్డను డిగ్రీలో చేర్చాలా, డీఎల్‌ఈడీలో చేర్చాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

దారి ఏమిటో క్రమంగా చెబుతాము. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు ఉండాలి. కొన్ని వర్గాలకు ఇందులో సడలింపు ఉన్నది. తరువాత డీసెట్ అనే ప్రవేశ పరీక్ష. అందులో ర్యాంకు వస్తే జిల్లా విద్యా శిక్షణ సంస్థలో గాని, ప్రైవేటు కళాశాలలో గాని సీటు వస్తుంది. డైట్ అని మనం పిలిచే ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే ఖర్చు చాలా తగ్గుతుంది. అందుకే ప్రవేశ పరీక్షను తేలికగా తీసుకోవద్దని మా తరగతికి వచ్చే పిల్లలకు పదే పదే చెబుతాము. ఉర్దూలోనే శిక్షణ పొందదలచిన వారికి హైదరాబాద్ గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ డీఎల్‌ఈడీ, బీఈడీ రెండూ ఉన్నాయి. కోర్సు రెండేళ్లు.

టెట్ మొదటి పేపరు 150 మార్కులది. పిల్లల వికాసం-బోధన పద్ధతులు, మొదటి భాష, రెండో భాషగా ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం. ఒక్కొక్కదానికి 30 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు. ఉర్దూ మాధ్యమ కొలువు కోరేవారు మొదటి భాషగా ఉర్దూను ఎంచుకోవాలి. ఓసీ అభ్యర్థికి 90 మార్కులు, బీసీ అభ్యర్థికి 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే అర్హత. ఒకసారి అర్హత వస్తే అది జీవితాంతం చెల్లుతుంది. ఏడేళ్ల గడువును 2021లో తీసివేశారు. అయితే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉన్నది గనుక, అర్హత వచ్చిన తరువాత కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మంచిది. తెలంగాణలో టెట్‌ను ఏడాదికి రెండుసార్లు జరపాలని 2024లో నిర్ణయించారు. పూర్వంలా ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన పని తగ్గింది.

"ఇంత శిక్షణ అవసరమా? బిడ్డకు చదువు వచ్చు, చదువు చెప్పగలదు" అనే పెద్దలు మనలో ఉన్నారు. వారికి మా తరగతి గదిలో మేము చూసిన సంగతి ఒకటి చెబుతాము. మన పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడుతాడు. బడి పుస్తకంలో ఉన్నది కితాబీ ఉర్దూ. వీధిలో తెలుగు, బోర్డుల మీద ఇంగ్లీషు. ఆరేళ్ల పిల్లవాడు "నక్కో" అన్నాడనుకోండి. శిక్షణ లేని ఆపా "నక్కో అనకూడదు, నహీఁ అను" అని కసురుతుంది. ఆ పిల్లవాడు ఆ రోజు నుండి నోరు మూసుకుంటాడు. పిల్లల వికాసం చదివిన ఆపా ఆ మాటను పలకనిస్తుంది, బల్ల మీద రాయిస్తుంది, పక్కన పుస్తకంలోని మాట రాసి రెండింటినీ కలుపుతుంది. ఇంటి భాష నుండి పుస్తకపు భాషకు మెట్టు కడుతుంది. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలను కూర్చోబెట్టి ఎట్లా నడపాలి, చదవలేని పిల్లవాణ్ణి వెనుక బెంచీకి తోయకుండా ఎట్లా ముందుకు తేవాలి, పాఠం చెప్పకముందు పథకం ఎట్లా రాసుకోవాలి అన్నవి నేర్చుకుంటేనే వస్తాయి. ప్రేమ ఉంటే చాలదు. మందు తెలియని తల్లి బిడ్డకు వైద్యం చేయలేదు గదా!

మేము చెప్పిన ఆ అమ్మాయే శిక్షణకు వెళ్లి వచ్చిన తరువాత మాతో ఒక మాట అన్నది. "మామూ, ఆరేళ్లు నేను పాఠం అప్పజెప్పించుకున్నాను. పాఠం చెప్పడం ఇప్పుడు మొదలుపెడుతున్నాను." ఆ మాటలో ఎంత బాధ ఉన్నదో గమనించండి. ఆమెకు జీతం నష్టమైంది. ఆ ఆరేళ్లలో ఆమె దగ్గర చదివిన పిల్లలకు కూడా నష్టం జరిగింది. ఆ నష్టంలో ఆమె తప్పు లేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుణ్ణి ఇవ్వని ప్రభుత్వానిది తప్పు. శిక్షణ దారి చూపని మా వంటివారిది తప్పు.

ఇప్పుడు గుమాస్తాలుగా మేము చెప్పవలసిన కాగితాల సంగతి. మా దగ్గరకు వచ్చే దరఖాస్తులలో మార్కులు తక్కువై ఆగిపోయేవి కొన్ని. పేర్లు కలవక ఆగిపోయేవి అంతకంటే ఎక్కువ. పదో తరగతి మెమోలో "ఎస్.కె." అని ఉంటుంది, ఆధార్‌లో "షేక్" అని ఉంటుంది. ఒకచోట "ఎండీ", మరోచోట "మొహమ్మద్", ఇంకోచోట "ముహమ్మద్". నికాహ్ తరువాత అమ్మాయి పేరు చివర బేగం చేరుతుంది, తండ్రి ఇంటిపేరు పోయి భర్త ఇంటిపేరు వస్తుంది. ధ్రువపత్రాల పరిశీలన నాడు ఇవన్నీ గుదిబండలవుతాయి. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవన్నీ దానికి అనుగుణంగా సవరించుకోవాలి. ఈ పని నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఈ రోజే మొదలుపెట్టాలి.

రెండవది కుల ధ్రువపత్రం. 2007 చట్టం ద్వారా ముస్లింలలోని 14 వెనుకబడిన సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆ కేసు సుప్రీంకోర్టులో ఉన్నప్పటికీ 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతున్నది. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు బీసీ-ఇలో లేరు. వారు ఆర్థికంగా బలహీన వర్గాల ధ్రువపత్రానికి అర్హత ఉన్నదేమో చూసుకోవాలి. టెట్‌లో 75 మార్కులు చాలు అనుకున్న బిడ్డ, బీసీ-ఇ పత్రం సమయానికి లేక 90 మార్కుల వరుసలో నిలబడవలసి వస్తే ఆ పదిహేను మార్కుల బాధ్యత ఎవరిది? తల్లిదండ్రులదే.

మూడవది అనుభవ పత్రం. ఇప్పుడు గెస్ట్ టీచర్లుగా, వాలంటీర్లుగా, చిన్న ప్రైవేటు బడులలో పనిచేస్తున్న బిడ్డలకు మా మనవి. ప్రతి విద్యా సంవత్సరం చివర ప్రధానోపాధ్యాయుని సంతకం, ముద్రతో సేవా పత్రం తీసుకోండి. చేరిన తేదీ, దిగిన తేదీ, బోధించిన తరగతులు అందులో ఉండాలి. గౌరవ వేతనం బ్యాంకు ద్వారా తీసుకోండి. అవి కొలువు ఇవ్వకపోవచ్చు. కాని రేపు ప్రభుత్వం అనుభవానికి ఏదైనా విలువ కట్టదలచితే మీ చేతిలో రుజువు ఉంటుంది. అయితే మళ్లీ చెబుతున్నాము. అనుభవ పత్రాన్ని చూసుకుని శిక్షణను వాయిదా వేయవద్దు. తాత్కాలిక కొలువు చెట్టు నీడ వంటిది. నీడలో కూర్చుని అలసట తీర్చుకోవచ్చు గాని, అదే ఇల్లు అనుకుంటే పొద్దు తిరిగేసరికి ఎండలో ఉంటాము.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. తెలంగాణలో 2017లో 8,792 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023లో వచ్చిన ప్రకటన రద్దయింది. 2024లో 11,062 పోస్టులకు ప్రకటన ఇచ్చి ఆ ఏడాదే నియామకాలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది. ప్రకటనలలో ఉర్దూ మాధ్యమ పోస్టులూ ఉంటాయి. కాని ప్రతిసారీ వాటిలో కొన్ని నిండక మిగిలిపోతాయి. ఇందుకు కారణాలు రెండు. ఒకటి, మనలో శిక్షణ, టెట్ ఉన్నవారు తక్కువ. రెండు, రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు వచ్చిన ఉర్దూ మాధ్యమ పోస్టులకు ఉర్దూ చదివిన ఆ వర్గాల అభ్యర్థులు దాదాపు దొరకరు. ఆ పోస్టు ఖాళీగానే తరువాతి ప్రకటనకు పోతుంది. ఆ ప్రకటనలోనూ ఖాళీగానే మిగులుతుంది.

ఈ విషయంలో మనం చాలా జాగ్రత్తగా మాట్లాడాలి. ఎస్సీ, ఎస్టీ సోదరుల రిజర్వేషన్ వారి హక్కు. రిజర్వేషన్ ఫలం అనుభవిస్తున్న మనం వారి వాటాను తీసివేయమని అడగడం న్యాయం కాదు. మా అభిప్రాయం ఇది. ఉర్దూ మాధ్యమంలో నిండని ఎస్సీ, ఎస్టీ పోస్టుకు బదులుగా తెలుగు మాధ్యమంలో అంతే సంఖ్యలో పోస్టులను వారికి కేటాయించాలి. ఉర్దూ మాధ్యమంలోని పోస్టును ఉర్దూ తెలిసిన అర్హులకు విడుదల చేయాలి. అప్పుడు ఎవరి వాటా తగ్గదు, బడిలో కుర్చీ నిండుతుంది. ఈ విజ్ఞాపనను దళిత, గిరిజన సంఘాలతో కలసి ఇస్తేనే దానికి బలం.

విజ్ఞాపన ఇచ్చే ముందు లెక్క చేతిలో ఉండాలి. గాలిలో అడిగితే గాలిలోనే జవాబు వస్తుంది. విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ ప్రభుత్వ బడిలోనూ మంజూరైన ఉపాధ్యాయ పోస్టులలో పది శాతానికి మించి ఖాళీలు ఉండరాదు. మీ బడిలో మంజూరైనవి ఎన్ని, నిండినవి ఎన్ని, ఖాళీగా ఉన్నవి ఎప్పటి నుండి, ఏ రోస్టర్ పాయింటు కింద అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రాల నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు రాయడం రాకపోతే మా దగ్గరకు రండి. ముప్పై ఏళ్లు దరఖాస్తులకు జవాబులు రాసినవారము. ఏ ప్రశ్నకు తప్పించుకునే జవాబు రాయలేరో మాకు తెలుసు.

మైనారిటీ విద్యాసంస్థలు నడిపే పెద్దలు కూడా ఈ సభలో ఉన్నారు. వారికి ఒక మాట. విద్యాహక్కు చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందువలన మన బడులలో టెట్ గురించి ఎవరూ అడగరని నిశ్చింతగా ఉన్నాము. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. మైనారిటీయేతర బడుల విషయంలో అదే తీర్పు చాలా కఠినంగా ఉన్నది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ పాసు కావాలి. అంతకంటే తక్కువ సర్వీసు ఉన్నవారు కొనసాగవచ్చు గాని, టెట్ లేకుండా పదోన్నతి లేదు. విస్తృత ధర్మాసనం రేపు ఏమి చెబుతుందో చూసి మొదలుపెడదామనుకుంటే, 2017లో మేము సర్క్యులర్‌ను బీరువాలో పెట్టినట్లే అవుతుంది. రాజ్యాంగం 30వ అధికరణం మన సంస్థలను మనమే స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు శిక్షణ లేని ఉపాధ్యాయునితో పిల్లలను సరిపెట్టడానికి ఇవ్వలేదు. మీ బడిలోని ఆపాలకు ఫీజు మీరు కట్టండి, సెలవు మీరు ఇవ్వండి, టెట్ రాయించండి.

1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో చెప్పడానికి అనువాద సంస్థను పెట్టి పుస్తకాలు తయారు చేయించారు. ఆ భాష ఇప్పుడు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ రెండో అధికార భాష. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. చట్టంలో గౌరవం ఉన్నది, చరిత్రలో వైభవం ఉన్నది. ఒకటో తరగతి గదిలో మాత్రం అలిఫ్, బే దిద్దించే మనిషి లేడు. ఆ మనిషి లేనప్పుడు తల్లిదండ్రులు బిడ్డను వేరే బడికి మారుస్తారు. పిల్లలు తగ్గారని పోస్టు తీసివేస్తారు. పోస్టు లేదని బడి మూస్తారు. ఉర్దూ బడి ఇట్లా చప్పుడు లేకుండా పోతుంది.

ఇక తల్లులతో రెండు మాటలు. మా తరగతికి వచ్చేవారిలో ఎక్కువమంది అమ్మాయిలే. వారిలో కొందరు సగంలో ఆగిపోతారు. అడిగితే "సంబంధం కుదిరింది" అంటారు. నికాహ్‌ను ఆలస్యం చేయమని మేము చెప్పము. అది మీ ఇంటి విషయం. కాని సంబంధం మాట్లాడే నాడే, జహేజ్ మాట రాకముందే, "మా బిడ్డ డీఎల్‌ఈడీ పూర్తి చేస్తుంది, పరీక్షలు రాస్తుంది" అని వరుని వారితో చెప్పి ఒప్పించండి. ఫ్రిజ్జు, బీరువా కొనే డబ్బులో కొంత శిక్షణ ఫీజుకు పెట్టండి. బీరువా పాతబడుతుంది. టెట్ పత్రానికి గడువు లేదు.

మస్జిద్ కమిటీల పెద్దలకు మా విన్నపాలు చిన్నవి. ప్రతి ముహల్లాలో ఇంటర్మీడియట్ పూర్తి చేసిన పిల్లల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టండి. డీసెట్, టెట్ ప్రకటన వచ్చిన వారం జుమా తరువాత మైకులో ఒక్క నిమిషం చెప్పించండి. ఫీజు కట్టలేని ఒకరిద్దరి ఫీజు జమాత్ తరపున కట్టండి. చదువుకోవడానికి అమ్మాయిలకు వారానికి రెండు రోజులు ఒక గది ఇవ్వండి. పాఠశాల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి అని చట్టం చెబుతున్నది. ఆ కమిటీ సమావేశానికి వెళ్లి ఖాళీ పోస్టు గురించి అడిగి, అడిగినట్లు మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాయని మాట కార్యాలయంలో చెల్లదు. ఇది మా అనుభవం.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. ఆమె 2022లో డీసెట్ రాసి డీఎల్‌ఈడీలో చేరింది. 2024లో పదకొండు వేల ఉద్యోగాలు భర్తీ అవుతున్నప్పుడు ఆమె ఇంకా శిక్షణలోనే ఉన్నది. దరఖాస్తు చేయలేకపోయింది. 2017లో మేము ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో అనే ఆలోచన ఆ ఏడాది మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. తరువాత టెట్ రాసి అర్హత సాధించింది. ఇప్పుడు తరువాతి డీఎస్సీ కోసం చదువుతున్నది. ఆదివారం మా తరగతిలో పిల్లల వికాసం, బోధన పద్ధతుల పాఠం చెప్పేది ఆమే. ఇంకా కొలువు రాలేదు. వస్తుందని మేము హామీ ఇవ్వలేము. పోటీ పరీక్ష పోటీ పరీక్షే. కాని ఈసారి ప్రకటన వచ్చిన రోజున ఆమె చేతిలో కవరు ఖాళీగా ఉండదు.

ఈ సభ నుండి ఇంటికి వెళ్లాక ప్రతి ఇంటిలో ఒక పని చేయండి. బీరువా తెరిచి బిడ్డ పదో తరగతి మెమో, ఇంటర్మీడియట్ మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం ఒకచోట పరచి, నాలుగింటిలోనూ పేరు ఒకేలా ఉన్నదా అని చూడండి. లేకపోతే వచ్చే ఆదివారం మా దగ్గరకు తీసుకురండి. అక్కడి నుండి మిగిలిన దారి కలసి నడుద్దాం, ఇన్షాఅల్లాహ్.